నూట పదిహేను నంబరు

కింద గేటు ఎత్తారని వైర్‌లెస్ పెట్టెలో గొంతు వినిపించగానే చెవి మేస్త్రి టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసి కళ్ళు మూసుకున్నాడు. ఆయన లోకాన్ని చూసేది చెవులతోనే, ఆ పేరు ఊరికే రాలేదు, బండి వీధి మొదట్లో ఉండగానే షెడ్డులో కూర్చుని మూడో సిలిండరు నీరసంగా ఉందని చెప్పేసే మనిషి, అయితే ఈ కనుమ మీద కాపలా గదిలో, రేకుల కప్పు కింద, ఇరవైనాలుగు మలుపుల పైన ఆ చెవులకి ఇంకా ఏమీ అందడం లేదు, గాలి ఒక్కటే కిటికీ సందులోంచి ఈల వేస్తోంది. వస్తుంది. పది నిమిషాల్లో నాలుగో మలుపు దాటి కొండ ఇవతలి వైపుకి తిరుగుతుంది, అప్పుడు వినిపిస్తుంది. పాత కార్ల సంఘం వాళ్ళవి ఆరు కార్లు పొద్దుటి నుంచీ ఒక్కొక్కటిగా ఎక్కి వచ్చి బయట వరసగా నిలబడ్డాయి, ఒకటి పైకి చేరితే గానీ ఇంకోదాన్ని వదలరు, దారి అంత సన్నం, మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. పెద్దమ్మ అంటే కారు. ఆయన భార్య కన్నా పన్నెండేళ్ళు పెద్దది కాబట్టి ఇంట్లో ఆ పేరు ఖాయమైపోయింది, ఒకప్పుడు ఎవరో డాక్టరు గారిది, ఆ తరవాత కొన్నేళ్ళు కోళ్ళగూడు, ఆ తరవాత రెండేళ్ళ పాటు ఆయన కూతురు ఒక్కో మరా విప్పి కడిగి బిగించి దాన్ని మళ్ళీ నలుగురిలోకి తెచ్చింది. ఇప్పుడు దాన్ని ఒంటరిగా తోలుకొస్తున్నదీ ఆ కూతురే. ఎక్కేటప్పుడు బరువు తగ్గాలి గనక కారులో ఒక్కరే ఉండాలని సంఘం నియమం. నువ్వెక్కితే ఎనభై కిలోలు, నువ్వు లారీలో ముందు వెళ్ళి నాకోసం టీ పెట్టించు నాన్నా అని నవ్వింది, నవ్వింది గానీ నిన్న సాయంత్రం నుంచీ ఆ నవ్వులో ఏదో తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆయనకి తెలుసు.

గాలి పలచన, అంతే కదా సంగతి. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది, ఆ ముక్క కార్బురేటరుకి ఎవరూ చెప్పరు, అది కింద పోసినంత పెట్రోలూ పైన కూడా పోస్తూనే ఉంటుంది, తినేవాడి ఆకలి సగమైనా వడ్డించే చెయ్యి తగ్గకపోతే ఏమవుతుంది, నల్లపొగ, ప్లగ్గులకి మసి, తరవాత దగ్గు, ఆ తరవాత చప్పుడే ఉండదు. అందుకని పెట్రోలు వచ్చే జెట్టు మార్చాలి. జెట్టంటే చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో సన్నటి కన్నం, తల మీద కన్నం కొలత నంబరు, నంబరు తగ్గితే కన్నం చిన్నదని లెక్క. కింద ఊళ్ళో నూట ముప్పై, కొండకి నూట పదిహేను, నిప్పు పడే పాయింటు రెండు డిగ్రీలు ముందుకి జరపాలి, ఇదేమంత బ్రహ్మవిద్య, నలభై ఏళ్ళుగా చేస్తున్న పని. నిన్న సాయంత్రం డబ్బాలోంచి జెట్టు తీసి ఆయన బిగించబోతుంటే కూతురు, ఒక్కసారి పిన్నుతో కొలుద్దామా నాన్నా, అంది. మెత్తగానే అంది. నంబరు చెక్కి ఉంది కదా అన్నాడాయన. ఉందిలే, అయినా కొలుద్దాం, ఒక్క నిమిషం పని. పక్కన ఇంకో రెండు కార్ల వాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళలో ఒకడు చిన్నగా నవ్వాడు, నవ్వాడో లేదో, ఆయనకి మాత్రం నవ్వినట్టే వినపడింది, దాంతో నలుగురూ వినేలా, నువ్వు పుట్టకముందు నుంచి ఈ కన్నాలు చూస్తున్నానమ్మా, నా డబ్బాకి నువ్వు పరీక్ష పెట్టేంతదానివయ్యావా అనేశాడు. ఆ పిల్ల కొలిచే పిన్నులు సంచీలో పెట్టేసుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదా, ఏమో, ఎందుకిప్పుడు ఈ ఆలోచన, బండి కింద శుభ్రంగా పలికింది, తన చెవులతో తను విన్నాడు.

వచ్చింది. గాలి ఈలకి అడుగున, ఎక్కడో లోతులో, సన్నగా, తెగకుండా. పెద్దమ్మే. మేస్త్రి పెదాలు ఆయనకి తెలియకుండానే కదిలాయి, రెండో గేరు, ఇప్పుడు మలుపు, ఇప్పుడు కాలు తీసింది, ఇప్పుడు నొక్కింది, బాగుంది తల్లీ, అలాగే, తొందరపడకు. చేతులు ఊరుకోవు గనక జేబులోంచి దగ్గుబిళ్ళల రేకు డబ్బా తీశాడు, అందులో ఆయన జెట్టులన్నీ ఉంటాయి, మూత తీసి వేలితో కదిపాడు, నూట నలభై, నూట ముప్పై, నిన్న పెద్దమ్మలోంచి తీసిందన్నమాట, నూట ఇరవై, నూట పదిహేను. నూట పదిహేనులు రెండుండాలి, ఒకటి బండిలో ఉంది, ఒకటి ఇక్కడ ఉంది, సరిపోయింది, దాన్ని వేళ్ళ మధ్య పెట్టి అలవాటు కొద్దీ గోటితో అంచు తడిమాడు. నున్నగా ఉంది. ఇంకో వైపు తడిమాడు. అక్కడా నున్నగానే ఉంది. కిటికీ వెలుతురులోకి తెచ్చి చుట్టూ తిప్పి చూశాడు, ఎక్కడా గీత లేదు. గీత ఉన్నది బండిలో ఉంది.

ఆ గీత ఆయన పెట్టిందే. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక పందెం కారుకి పని చేస్తూ, అవతలి పార్టీ మెకానిక్కులు మన బండిలోకి తొంగి చూసి నంబర్లు రాసుకుపోతున్నారని తెలిసి, నూట పదిహేను జెట్టు తీసుకుని సన్నటి సూదితో గంటల తరబడి దాని కన్నాన్ని పెంచాడు, నూట నలభై దాకా పెంచాడు, తల మీద నంబరు మాత్రం అలాగే ఉంచాడు. వాళ్ళు వచ్చి చూసుకున్నారు, నూట పదిహేను అని రాసుకున్నారు, తమ బండికీ అదే పెట్టుకున్నారు, పందెంలో చతికిలబడ్డారు. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాడు, భార్య ఇప్పటికీ దెప్పుతుంది, మనిషి గురించి అడిగితే జెట్టు గురించి చెప్పారు అని. తనకి తెలియడానికి మాత్రం అంచు మీద ఆకురాయితో ఒక గీత పెట్టుకుని ఆ జెట్టుని గుర్తుగా దాచుకున్నాడు, పారేయడానికి మనసొప్పలేదు, అదొక పతకం ఆయనకి. నిన్న సాయంత్రం నలుగురి ముందూ కోపం మీద డబ్బాలో వేళ్ళు పెట్టి చేతికి అందింది తీశాడు, నంబరు చూశాడు, గీత చూడలేదు. మరి చెవి? చెవి ఏం చేసింది? చెవి తప్పు లేదు, నిలబడి ఉన్న బండిలో ఆ జెట్టు నోరెత్తదు, ఊరికే ఆడే ఇంజనుకి వేరే సన్నదారిలో పెట్రోలు వెళుతుంది, ఎత్తు ఎక్కుతూ కాలు గట్టిగా నొక్కినప్పుడే ఈ జెట్టు మాట్లాడుతుంది, అంటే పైకి వచ్చేకొద్దీ. కింద వాడే నూట ముప్పై కన్నా కూడా పెద్ద కన్నం. కొండకని తగ్గించాల్సింది పెంచి పంపించాడు.

"ఆరు దగ్గరికి వస్తోంది," అంది వైర్‌లెస్ పెట్టె. ఆరు, పన్నెండు, పద్దెనిమిది మలుపుల దగ్గర సెట్లతో మనుషులున్నారు. ఇక్కడ సెట్టు ముందు కూర్చున్న కాపలాదారు, మెడకి మఫ్లరు చుట్టుకున్న మనిషి, రిజిస్టరులో టైము రాసుకుంటున్నాడు.

ఆరో మలుపు దగ్గర చదునైన నేల ఉంది, పొద్దున లారీలో వస్తూ చూశాడు, నాలుగు కార్లు పట్టేంత చోటు, మళ్ళీ అలాంటి చోటు పన్నెండు దగ్గరే, ఆ తరవాత పైదాకా లేదు, ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకో పక్క మోకాలెత్తు రాళ్ళ వరస, దాని అవతల ఏమీ లేదు. చెప్పాలి. అయ్యా, ఆరు దగ్గర ఆపమనండి, జెట్టు తప్పు పడింది అనాలి, ఎనిమిది మాటలు కూడా లేవు. గది నిండా జనం ఉన్నారు, ముందెక్కిన కార్ల వాళ్ళు చేతులు కాచుకుంటూ, నిన్న నవ్వినవాడు కూడా పొయ్యి పక్కనే ఉన్నాడు. మధ్యలో ఆగితే ఎక్కినట్టు లెక్క కాదు, రెండేళ్ళ కష్టం, ఆ పిల్ల ఊరుకుంటుందా, అది తన తప్పు కాదు కదా, నాన్న తప్పు, పిన్నుతో కొలుద్దామా అన్నది అదే కదా. మేస్త్రి నోరు తెరిచాడు, చెవిని బయటికి పెట్టి విన్నాడు, చప్పుడు ఇంకా బాగానే ఉంది, నిజంగానే బాగుంది, కొంచెం బరువుగా ఉందంతే, సగం ఎత్తు దాకా ఏమీ కాదు, కాస్త పొగ వస్తుందేమో, పన్నెండు దగ్గర చెప్పొచ్చు, అప్పటికి ఈ జనం కూడా కొంత పల్చబడతారు. "ఆరు దాటింది," అంది పెట్టె. ఆయన నోరు మూసుకున్నాడు.

ఏడు. ఎనిమిది. గుడ్డు పెంకు మీద నడుస్తున్నట్టు వింటున్నాడు. కొండ మడత వెనక్కి దారి వెళ్ళినప్పుడు చప్పుడు పోతుంది, మళ్ళీ వస్తుంది, పోయిన ప్రతిసారీ ఊపిరి బిగపట్టి వచ్చాక వదులుతున్నాడు, ఇక్కడ ఊపిరి ఎంత పీల్చినా చాలడం లేదు, పొద్దుటి నుంచీ ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది, అది ఎవరికీ చెప్పలేదు, చెప్పేదేముంది, చలి. తొమ్మిది దగ్గర పెద్దమ్మ గొంతులో జీర వచ్చింది. ఇంకెవరికీ తెలియదు ఆ జీర, బయట నిలబడ్డ వాళ్ళు చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకుంటున్నారు, మసి పడుతోంది, ఒకటో ప్లగ్గు, కాదు నాలుగోది, ఆ పిల్లకి వినపడుతోందా, వినపడుతుంది, ఎందుకు వినపడదు, ఎవరి కూతురు. అది ఆపుకోవచ్చు కదా పన్నెండులో. ఆపదు. నాన్న పెట్టిన జెట్టు, నాన్న నలుగురిలో పరువు పెట్టి బిగించిన జెట్టు, ఆపితే నాన్న తప్పని అందరికీ తెలుస్తుంది, ఆపదు అది, మొండిది, తల్లి పోలిక. ఇంక లాభం లేదని మేస్త్రి లేచాడు, బెంచీ కిర్రుమంది, కాపలాదారు దాకా నాలుగడుగులు వేశాడు, ఆ మనిషి రిజిస్టరు మీద నుంచి తలెత్తాడు.

"ఏంటి మేస్త్రి గారూ? ఏమన్నా కావాలా?"

పొయ్యి దగ్గర మాటలు ఆగాయి, అందరూ ఇటు చూశారు, నవ్వినవాడూ చూశాడు. "కాసిని నీళ్ళుంటే..." అన్నాడు మేస్త్రి. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి తెలియదు. కాపలాదారు లేచి మూలనున్న క్యాను వంచి గ్లాసు నింపి ఇచ్చాడు, మర్యాదస్తుడు, రెండు చేతులతో ఇచ్చాడు. నీళ్ళు చల్లగా పళ్ళు జివ్వుమనిపించాయి. గ్లాసు సగంలో ఉండగా పెట్టె పలికింది, పన్నెండు దాటింది, పొగ కొంచెం నల్లగా ఉంది, అని.

అప్పుడు చెప్పాడు. గ్లాసు చేతిలోనే ఉంది, నీళ్ళు చొక్కా మీద పడ్డాయి, జెట్టు తప్పు పెట్టాను, పెద్ద కన్నం పడింది, ఇంజను ఆగిపోతుంది, ఆపించండి అని గబగబా అనేశాడు. కాపలాదారు ముఖం చూసి ఆయనకే అర్థమైంది. "ఇంక ఎక్కడాపుతాం మేస్త్రి గారూ, పద్దెనిమిది దాకా మా మనిషే లేడు," అన్నాడు, "ఆపినా ఆ వాలులో నిలుస్తుందా?" నిలవదు. అది ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు, పెద్దమ్మ బ్రేకులు ముందుకి పోయే బండిని పట్టినంత గట్టిగా వెనక్కి జారే బండిని పట్టవు, ఆ కాలం బ్రేకుల తీరే అంత. లారీ పంపించండి అన్నాడు. కారు దారిలో ఉండగా లారీ ఎలా దింపుతాం, మలుపులో ఎదురెదురు పడితే ఇద్దరూ పోతారు అన్నాడు కాపలాదారు. అతను చెప్పింది న్యాయంగానే ఉంది. పదమూడు, పద్నాలుగు, చప్పుడు ఇప్పుడు అందరికీ తెలిసేలా దగ్గుతోంది, పదిహేను, అక్కడ దారి కొండ వెనక్కి వెళుతుంది, నలభై లెక్కపెట్టేలోగా మళ్ళీ రావాలి, ఇందాకటి ఆరు కార్లకీ నలభై పట్టింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. నలభై. యాభై. అరవై దాకా లెక్కపెట్టి మేస్త్రి గది దాటి బయటికి వచ్చేశాడు, ఎవరో భుజం పట్టుకోబోయారు, విదిలించుకుని దారికి అడ్డంగా ఉన్న గొలుసు కిందినుంచి దూరి దిగడం మొదలుపెట్టాడు.

ఏం వినిపించడం లేదు. కాళ్ళ కింద కంకర, తన రొప్పు, అంతే. పడిపోయి ఉంటే చప్పుడు వచ్చేది కదా, ఇంత ఎత్తులో ఆ చప్పుడు వినపడకుండా ఉండదు, ఛీ ఏం ఆలోచన, వినపడలేదు గనక పడలేదు, ఆగింది, ఆగి ఉంది, చక్రం కొండ వైపు తిప్పి ఉంటుంది, వెనక చక్రం కాలువలో పడేసి ఉంటుంది, చెప్పానా ఎప్పుడైనా అలా చెయ్యమని, చెప్పలేదు, ఏం చెప్పాను దానికి, ముట్టుకోకు అని చెప్పాను. పద్నాలుగేళ్ళప్పుడు, షెడ్డులో, ఎవరిదో స్కూటరు పెట్రోలు తాగేస్తోందని ఆ జెట్టు కన్నంలో రాగితీగ పోగు ఒకటి దూర్చి మెలేసింది, కన్నం సన్నబడింది, బండి చక్కగా పలికింది కూడా, ఆయన వచ్చి చూసి చెంప మీద కొట్టాడు. తీగలు దూర్చేది దొంగ మెకానిక్కులే అని కొట్టాడు. రెండేళ్ళు షెడ్డు గుమ్మం ఎక్కనివ్వలేదు, అది గుమ్మం బయట స్టూలు వేసుకుని హోంవర్కు చేసుకుంటూ వినేది. కన్నం పెంచిన వాడు, కన్నం తగ్గించిన పిల్లని కొట్టాడు. తీగ పెట్టు తల్లీ, తీగ పెట్టు, ఇప్పుడు పెట్టు, ఎవరూ ఏమీ అనరు అని పైకే అనుకుంటూ ఇరవైమూడో మలుపు తిరిగాడు, ఇరవైరెండు, ఊపిరి అందడం లేదు, గుండె చెవుల్లోనే కొట్టుకుంటోంది, ఇరవైఒకటి దగ్గర రాళ్ళ వరస పట్టుకుని నిలబడిపోయాడు. ఎంతసేపని, అయిదు నిమిషాలో, పదో. అప్పుడు కింద ఎక్కడో స్టార్టరు రాచిన చప్పుడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి అంటుకుంది, ఒక్క దగ్గు దగ్గి, గొంతు సవరించుకుని, శుభ్రంగా, ఆయన నలభై ఏళ్ళలో ఏ ఇంజను నోటా విననంత శుభ్రంగా పలికింది. మేస్త్రికి ఏడుపొచ్చింది. రాళ్ళ మీద చేతులు ఆనించి గట్టిగానే ఏడ్చాడు.

పెద్దమ్మ మలుపు తిరిగి కనిపించేసరికి ఆయన దారి మధ్యలో ఉన్నాడు. ఆపడానికి లేదు, ఆ వాలులో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది, అద్దంలోంచి కూతురి ముఖం ఒక్క క్షణం కనిపించింది, నుదుటి మీద మసి. "పక్కకి జరుగు నాన్నా!" అని అరిచింది, ఆయన కొండకి వీపు ఆనించాడు, కారు ఆయన పొట్టకి జానెడు దూరంలోంచి దాటిపోయింది. పొగ లేదు. వేడి గాలి ముఖానికి తగిలింది, అంతే.

ఆయన తిరిగి పైకి ఎక్కేసరికి చాలాసేపు పట్టింది. అప్పటికి జనం కారు చుట్టూ మూగి ఉన్నారు, ఇంతసేపూ గది బయటే ఉన్న సంఘం పెద్ద ఎదురొచ్చి, "ఏం ట్యూనింగ్ మేస్త్రి గారూ, చివరి మలుపుల్లో గంట మోగినట్టుంది! మధ్యలో ఎందుకాగింది?" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆయన నోరు విప్పేలోగా కూతురు బానెట్టు లోంచి తల ఎత్తకుండానే, "పెట్రోల్లో చెత్త వచ్చిందండీ, కడిగాను. మిగతాదంతా నాన్న చేతిపనే," అంది. ఆమె వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి నెత్తురు గడ్డకట్టి ఉంది. గదిలోంచి వచ్చిన కాపలాదారు ఆమె మాట విని మేస్త్రి వైపు చూశాడు, చూసి, చూపు తిప్పుకున్నాడు. "చెత్త కాదు," అన్నాడు మేస్త్రి. అందరికీ వినపడేలా అన్నాడు. "జెట్టు నేను తప్పు పెట్టాను. కొలుద్దామంటే కొలవనివ్వలేదు." సంఘం పెద్ద పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. మెల్లగా ఒక్కొక్కరూ ఎవరి కారు దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

"హారన్ తీగలోంచి ఒక పోగు లాగాను," అంది కూతురు, బానెట్టు మూస్తూ. "దిగేటప్పుడు హారన్ ఉండదు."

"ఆరో మలుపు దాటకముందే నాకు తెలిసింది," అన్నాడు మేస్త్రి.

ఆమె చెయ్యి బానెట్టు మీదే ఉండిపోయింది. "పన్నెండు దగ్గర?"

"అప్పుడూ తెలుసు. చెబుదామని లేచి, నీళ్ళడిగాను."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి తుడుచుకోలేదు, చేతులకి మసి. "అయిదడుగులు వెనక్కి జారింది నాన్నా," అంది. "జారుతున్నంతసేపూ ఏమనుకున్నానో తెలుసా? పైన నాన్న వింటున్నాడు కదా, ఏదో ఒకటి చేస్తాడులే అనుకున్నాను."

దెబ్బలు చాలా తిన్నాడు మేస్త్రి, జాకీ జారి కాలి మీద పడింది, రేడియేటరు ఆవిరి మెడ కాల్చింది, ఇంత నొప్పి ఎప్పుడూ తెలియదు. తలవంచుకుని నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె డ్రైవరు సీటులో కూర్చుని, అవతలి పక్క తలుపు లోపల్నించి తోసి తెరిచింది.

"ఎక్కు. దిగేటప్పుడు బరువుతో పనిలేదు. కిందికి వెళ్ళేకొద్దీ గాలి చిక్కబడుతుంది, ఈ తీగతో అలాగే పోతే పిస్టన్లు కాలిపోతాయి, ఎక్కడో ఒకచోట ఆపి తియ్యాలి. ఎక్కడాపాలో నువ్వే విని చెప్పాలి." ఇంజను అంటించింది. "దాటిపోకముందు చెప్పు."

ఆయన ఎక్కి కూర్చున్నాడు, తలుపు వేసుకున్నాడు. అవతలి వాలు కింద దారి మెలికలు తిరిగి ఉంది, అటువైపు గొలుసు దించారు, ఆమె హాండ్ బ్రేకు మీద చెయ్యి వేసింది.

"ఆగు," అన్నాడు మేస్త్రి.

"ఏమైంది, ఇంజనా?"

"కాదు, నాకే. పొద్దుటి నుంచీ ఊపిరి సరిగ్గా ఆడట్లేదమ్మా. ఛాతీలో పట్టేసినట్టుంది."

కూతురు ఇంజను కట్టేసి, కిటికీలోంచి తల బయటికి పెట్టి కాపలాదారుని కేకేసింది.